ఎర్రుప్పు మూట

గూఢచారి వృత్తి వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మారువేషాలేమిటి, నడుములో దాచిన కత్తులేమిటి! దాని వైభవం ఎంతటిదో చేసేవాణ్ణి అడగాలి. కూలివాడి వేషం వేసిన పాపానికి రేవులో నిజంగానే బస్తాలు మోయాలి, వీపు పుండు చేసుకోవాలి, ఎవడు ఎవడితో గుసగుసలాడుతున్నాడో ఓరకంట చూస్తూ పొద్దు పుచ్చాలి. మన కేతనుడు నెలల తరబడి చేస్తున్నది ఇదే. తోటివాళ్ళలో అతను అనుమానించని మనిషి లేడు. అనుమానించి అనుమానించి ప్రాణం విసిగిపోయింది పాపం.

అతని రాజ్యం శోణకూటం. సముద్రపు పాయకు ఆవలి ఒడ్డున, ఎర్రమట్టి కొండల నడుమ ఉంటుంది. అక్కడి రాజును సొంత దండనాయకుడు దుర్జయుడే విందుకు పిలిచి చంపించి సింహాసనం ఎక్కాడు. పాత రాజు మీద విశ్వాసం చావని సైనికులు చేతికందిన పడవల్లో పడి పాయ దాటి, వేలాపురిలో తలదాచుకున్నారు.

ఆ వేలాపురి శోభ చెప్పనలవి కాదు. పగడపు రాతితో కట్టిన కోటగోడలు, వాటిమీద నెమలికన్నుల రంగుల్లో ఎగిరే జెండాలు, దంతపు గవాక్షాలు, వాటిలోంచి తొంగిచూసే చిలకల పంజరాలు. ఏనుగులు తొండాలతో పన్నీరు చల్లుతుంటే దుమ్ము లేవని రాజవీధులు. రేవు నిండా దూరద్వీపాల ఓడలు. గాలి ఎటు తిరిగితే అటు చందనమో, లవంగమో గుప్పున కొట్టేది. ఇంత వైభవంలో మనవాళ్ళ వాటాకు వచ్చింది ఊరి చివర పాడుబడ్డ ఓడల దొడ్డి. అక్కడ తాళ్ళు పేనుతూ, తెరచాపలు కుడుతూ, వచ్చే ఏడు మన ఊళ్ళో ఉంటాం అనుకుంటూ జుట్లు నెరిపించుకున్నారు.

వాళ్ళకొక నియమం ఉంది. ఎవరి ఉప్పు తింటే వాళ్ళకు కట్టుబడి ఉండాలన్నది శోణకూటం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. పరాయి రాజు ఉప్పు తింటే పరాయి రాజు మనుషులమైపోతాం, ఇక సొంత నేల మీద హక్కు ఉండదు. అందుకని వేలాపురిలో కాలుపెట్టిన రోజునే చేతిలో చెయ్యి వేసుకుని ఒట్టు పెట్టుకున్నారు: తింటే శోణకూటం ఉప్పు తింటాం, లేకపోతే చప్పిడి తిని చస్తాం. అక్కడి ఉప్పు మడుల్లో మట్టి ఎర్రన, కాబట్టి ఉప్పూ లేత ఎరుపే. వడగాడ్పులు వీచిన ఒక ఏడాది కొన్నాళ్ళు తప్ప, ఓడల దొడ్డి వంటశాలలో ఆ ఎర్రుప్పు కుండ ఏనాడూ ఖాళీ కాలేదు.

మరి చిక్కెక్కడ వచ్చిందయ్యా అంటే, దొడ్డిలో అనుకున్న ప్రతి మాటా దుర్జయుడికి చేరిపోతోంది. వాడి దగ్గర ధూమకేశుడనే మాంత్రికుడున్నాడు, అందరూ భట్టుగారంటారు. పుర్రె గుర్తు చెక్కి జంట శంఖాలు చేస్తాడు. ఒకదానిలో ఊదిన మాట రెండోదానిలో వినిపిస్తుంది. అలాంటి శంఖం ఒకటి దొడ్డిలో ఎవరి దగ్గరో ఉంది. కిందటేడు కేతనుడి తమ్ముడు మారయ మరికొందరితో కలిసి రహస్యంగా కొండదారిన శోణకూటంలోకి దిగితే, దుర్జయుడి భటులు మలుపులో చాపలు పరుచుకుని కూర్చున్నారట వీళ్ళకోసం. ఒక్కడూ తిరిగి రాలేదు. ఆ కోపంలో దొడ్డివాళ్ళు ఒక గుర్రాలవాణ్ణి అనుమానించి, ద్రోహులకు వేసే శిక్షే వేశారు: తెడ్లు లేని పడవలో కూర్చోబెట్టి ఆటుపోటుకు వదిలేశారు. కబుర్లు మాత్రం ఆగలేదు. గుర్రాలవాడు ఏ పాపం ఎరగడని అందరికీ తెలిసింది, ఎవరూ నోరు మెదపలేదు.

ఆ తెల్లవారుజామున ముసలి సేనాపతి గజాంకుశుడు కేతనుణ్ణి తాళ్ళ గుట్టల చాటుకు లాక్కెళ్ళాడు.

"ఇవాళ రాకుమారి వస్తోందిరా," అన్నాడు. "ఉదయవల్లి తల్లి! పోయిన రాజుగారి కూతురు, అడవిలో మునుల దగ్గర పెరిగిన బిడ్డ. సాయంత్రం పోటు మీద, చేపల పడవలో, తూర్పు రేవున దిగుతుంది. నీకూ నాకూ తప్ప పురుగుక్కూడా తెలీదు."

"మరింకేం దొరా. మనిద్దరం నోరు మూసుకుంటే సరి."

"మూసుకున్నాం అనుకున్న ప్రతిసారీ మునిగాం. పడవ వచ్చేలోగా ఆ శంఖం ఎవడి దగ్గరుందో పట్టుకో. ఆ పిల్లకేమైనా అయితే ఇన్నేళ్ళు తాళ్ళు పేనింది మనం ఉరేసుకోవడానికే అవుతుంది."

కేతనుడు సరేనన్నాడు. కాదనే ఓపిక కూడా లేదు. వంటశాల ముందునుంచి పోతుంటే నాగసానమ్మ ఊరుకుంటుందా? దొడ్డికంతటికీ వండిపెట్టే ముసలమ్మ ఆవిడ. మొగుడు పాత రాజు పక్కనే పోరాడి పోయాడు. పిల్లల్లేరు. తల్లిలేని కేతనుణ్ణీ మారయనూ చిన్నప్పట్నించీ సాకింది ఆవిడే.

"ఆగరా, ఎక్కడికా పరుగు! గంజి తాగి పో."

"ఆకలి లేదు పెద్దమ్మా."

"నిన్నడిగానా ఉందా లేదా అని? తాగు. ఇంకో గల్లు ఉప్పు వేసుకో నాయనా, ఎండకు పడిపోతావు." మధ్యాహ్నానికి కూడా చద్దన్నం మూటగట్టి, పక్కన ఎర్రుప్పు గల్లు పెట్టి చేతికిచ్చింది.

రేవులో మధ్యాహ్నం దాకా బస్తాలు మోశాడు. ఎవడి మొలలో కొత్త బంగారం కనిపిస్తుందా, దొడ్డివాళ్ళలో ఎవడైనా తాహతుకు మించి తాగుతున్నాడా, తింటున్నాడా అని చూశాడు. ఏమీ లేదు. అందరూ తనలాగే చిరుగు పాతలు. నీడకు చేరి మూట విప్పాడు. పక్కనే కూర్చున్న ఒక పరదేశపు ఓడ సరంగు ఆ అన్నం వంక చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏమయ్యో! ఎర్రుప్పు ఎక్కడ దొరికింది నీకు?"

"మా ఊరిది. ఎందుకలా అడుగుతున్నావు?"

"మీ ఊరిదే, కాదన్లేదు. వడగాడ్పుల ఏడాది నుంచి గల్లు ఉప్పు బయటికి రానివ్వట్లేదు దుర్జయుడు. ఎవడైనా దాటిస్తే చెయ్యి నరికేస్తున్నాడు. మా ఓడ అడుగు పలకలు ఊడదీసి మరీ చూశారు! నీకెక్కడిదో గానీ అదృష్టవంతుడివి."

కేతనుడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ బంగారం ఎవరి దగ్గరుందా అని వెతికాడు గాని, తన కంచంలో ఏముందో చూసుకోలేదు. చూడాలని ఎవరికీ తోచలేదు. దారులన్నీ మూసేశాక కూడా ఉప్పు ఎలా వస్తోందని దొడ్డిలో ఒక్క మగాడూ అడగలేదు. వంటింటి కుండలోకి ఏం ఎలా వస్తుందో అడగడం వాళ్ళకు అలవాటు లేదు.

అన్నం మూట అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు. ఏనుగుల కాళ్ళ సందుల్లోంచి, పూలబుట్టలు తన్నుకుంటూ, తిట్లు తింటూ దొడ్డికి వచ్చి పడ్డాడు. వంటశాలలో పొయ్యి మీద పాయసం ఉడుకుతోంది. కలిపే మనిషి లేదు. పెరటి గుమ్మం అవతల బురదలో చిన్న చిన్న పాదాల గుర్తులు సముద్రం వైపు పోతున్నాయి.

అక్కడ ఆటు తీసిన బురదలో ఒక రాచ ఓడ ఒరిగిపోయి ఉంది. ఒకప్పుడు చుక్కాని పట్టేవాడికి కూడా వెండి పాగా ఇచ్చిన ఓడ అది. ముందుభాగాన మొసలిముఖం, ఆ ముఖాన కెంపులు పొదిగిన కన్నుల గుంటలు, తెరచాప కంబాల చుట్టూ చెక్కిన జలకన్యలు. కెంపుల్ని ఎవరో పీక్కుపోయారు, జలకన్యలకు నాచు పట్టింది. కేతనుడు పగిలిన పక్కలోంచి దూరేసరికి లోపల సన్నగా ఒక గొంతు వినబడుతోంది.

"...చేపల పడవలో, తూర్పు రేవున. పోటు నిండే వేళకు. అంతే భట్టుగారూ, ఇంకేం తెలీదు నాకు."

నాగసానమ్మ! పుర్రె గుర్తు చెక్కిన శంఖాన్ని నోటి దగ్గర పెట్టుకుని కూర్చుంది. కేతనుడు ఒక అడుగు ముందుకు వేశాడు. పిలుద్దామని నోరు తెరిచేలోగా నెత్తి మీద పలకలు ఫెళఫెళా విరిగాయి. ఆకాశం సగం మూసుకుపోయినట్టు రెక్కలు విప్పి దిగింది గండభేరుండం! రెండు తలలు, ఇత్తడి రంగు ముక్కులు, మెడల చుట్టూ అగ్గిరంగు ఈకలు. గోళ్ళలో ఒక గోనెమూట. మూట కింద పడేసి, పరాయి మనిషిని చూడగానే రెండు నోళ్ళూ తెరిచి ఒక్క అరుపు అరిచింది. ఊళ్ళో కుక్కలన్నీ మొరగడం మొదలుపెట్టాయి.

కేతనుడు పక్కకు దూకాడు. ఒక ముక్కు అతని భుజం చీల్చింది. రెండోది తలపాగా ఊడబెరికింది. వెనక్కి వెనక్కి పోయి పోయి పాత తెరచాప గుట్టలో పడ్డాడు. ఇక చావే అనుకుని ఆ గుడ్డ ఒక కొస పట్టుకుని, బలమంతా పెట్టి పక్షి తలలమీదికి విసిరాడు. ఆ తర్వాత జరిగింది చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది గాని అతనికి నవ్వే తీరిక లేదు. చీకట్లో చిక్కుకున్న రెండు తలలూ పక్కనున్నది శత్రువనుకుని ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలుపెట్టాయి. పొడుచుకుంటూ, కేకలు పెట్టుకుంటూ, గుడ్డతో సహా ఆ పక్షి ఎగిరి, కంబానికి గుద్దుకుని, సముద్రంలో పడి కొట్టుకుపోయింది.

కేతనుడు భుజం పట్టుకుని ముసలమ్మ ముందు కూలబడ్డాడు. గోనెమూట చినిగి ఎర్రుప్పు ఒలుకుతోంది.

"ఎప్పట్నించి పెద్దమ్మా?"

"వడగాడ్పుల ఏడాది నుంచి. ఉప్పు నిండుకుంది. తాళ్ళు పేనుతూ పేనుతూ మగాళ్ళు పడిపోతున్నారు. కండరాలు పట్టేసి కేకలు పెట్టేవాళ్ళు. ఊరి ఉప్పు కలుపుతానంటే ముసలాయన కత్తి దూశాడు. చస్తాంగానీ తినం అన్నారు. మారయ నా ఒళ్ళోనే స్పృహ తప్పాడు. వాడు చస్తుంటే చూస్తూ కూర్చోమన్నావా?"

"తర్వాత నువ్వే చంపించావుగా."

ఆ మాటకు ముసలమ్మ కొట్టుకుని ఏడ్చింది. "పట్టుకుని మందలించి పంపేస్తానన్నాడురా ఆ భట్టు. మొదట్లో ఎవడికి జ్వరం, ఎవడికి ఎవడితో పోట్లాట, అవే అడిగాడు. ఉప్పు పంపాడు. తర్వాత ఇంకోటి అడిగాడు. చెప్పకపోతే మూట రాదు."

"పట్టుకుని వదిలేస్తాడంటే నమ్మావా?"

"నమ్మాలనిపించింది నాయనా."

కోపం రావలసిన చోట కేతనుడికి అలసట వచ్చింది. తమ్ముణ్ణి తలచుకున్నాడు, అయినా చెయ్యి కత్తి మీదికి పోలేదు. ఈ చేతి ముద్ద తిని పెరిగిన ఒళ్ళే తనది.

"రాకుమారి సంగతి నీకెవరు చెప్పారు?"

"పాయసం చెయ్యమన్నాడు ముసలాయన. ఎవరికని అడిగితే దాస్తాడా? ఆనందం పట్టలేక అంతా చెప్పేశాడు. ఆ మూట చూడరా, అడుగంటిన కుండకి ఇవాళ్టి మూట. చెప్పకపోతే రేపట్నించి..."

"ఆ పిల్లను చంపేస్తారు పెద్దమ్మా!" అని అరిచాడు కేతనుడు. ఆవిడ చేతిలోని శంఖం లాక్కుని నోటి దగ్గర పెట్టుకుని, గొంతు సన్నం చేసి, "భట్టుగారూ!" అని పిలిచాడు. శంఖం మూగ రాయిలా ఉండిపోయింది.

"దానికి నా గొంతు తప్ప తెలీదు," అంది నాగసానమ్మ. కాసేపు కళ్ళు తుడుచుకుంది. "ఇలా ఇవ్వు. నేను చెబుతా, మాట మారిందని."

"చెప్పు మరి, త్వరగా!"

"చెబుతా. అయితే ఒకటి విను. మంత్రం వేసిన ఉప్పురా ఇది. దీన్ని తిన్న నోటితో ఈ శంఖంలో అబద్ధపు ప్రమాణం చేస్తే ఆ నోరు మళ్ళీ పలకదని మొదటిరోజే చెప్పాడు ఆ భట్టు." కేతనుడు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఆవిడ తోసేసింది. "తప్పుకో. పలికి ఏం బాగు చేశానని?"

శంఖం నోటికి ఆనించుకుంది. "భట్టుగారూ, మాట మారింది. రాకుమారి తూర్పు రేవుకు రావట్లేదు. ఉత్తరాన దీపస్తంభం దగ్గర దిగుతోంది. ఇప్పుడే తెలిసింది."

శంఖంలోంచి బొంగురు గొంతు లేచింది. "ప్రమాణమేనా నాగసానీ?"

ముసలమ్మ కేతనుడి కళ్ళలోకి చూసింది. "ప్రమాణం," అంది.

అదే ఆవిడ ఆఖరి మాట. గొంతు పట్టుకుని ముందుకు వాలిపోయింది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. గాలి తప్ప ఇంకేం రావడం లేదు. కేతనుడు ఆవిణ్ణి పొదివి పట్టుకుని, ఓడ చీలికలోంచి బయటికి చూశాడు. రేవుకు ఎదురుగా ఉన్న కాకితిప్ప దీవి వెనక వర్తకపు జెండాలు కట్టుకుని పొంచి ఉన్న దుర్జయుడి ఓడలు ఒక్కొక్కటే తెరచాపలు తిప్పి ఉత్తరానికి సాగిపోయాయి. కాసేపటికి తూర్పున చిన్న చేపల పడవ కనిపించింది, ఎవరి అడ్డూ లేకుండా మెల్లగా ఒడ్డుకు వస్తోంది. కేతనుడికి ఏడుపొచ్చింది.

అప్పుడే బురదలో అడుగుల చప్పుడు. గండభేరుండం అరుపు విని గజాంకుశుడు మనుషుల్ని వెంటేసుకుని వస్తున్నాడు. కేతనుడికి ఒక్కటే తోచింది. ఉప్పు మూటను కాలితో తన్ని నీళ్ళలోకి దొర్లించాడు. ఒలికిన ఉప్పును పాదంతో బురదలో కలిపేశాడు. శంఖాన్ని కూడా విసిరెయ్యబోయాడు గాని అంతలోనే దీపాల్లాంటి కళ్ళతో ముసలి సేనాపతి ఎదురుగా నిలబడ్డాడు.

"అది ధూమకేశుడి శంఖం కాదూ?"

ముసలమ్మ నేల మీద పడి ఉంది. నెత్తురు కారుతున్న కేతనుడి చేతిలో శంఖం ఉంది. చూసేవాళ్ళకు ఇంకేం కావాలి?

"నువ్వా?" అన్నాడు గజాంకుశుడు. ఆ ముసలాయన గొంతులో కోపం కన్నా దుఃఖమే ఎక్కువ. "నీ చేతికే అప్పగించానుకదరా వెతికే పని. సొంత తమ్ముణ్ణి కూడా..."

కేతనుడు ఆ గుంపు వంక చూశాడు. పగిలిన మడమలు, తాళ్ళు కోసిన అరచేతులు, నెరిసిన తలలు. ఇల్లు పోయింది, పొలం పోయింది, వయసు పోయింది. వాళ్ళ దగ్గర మిగిలింది ఒకే ఒక్క మాట: మేం శత్రువు ఉప్పు తినలేదు అన్న మాట. నిజం చెబితే ఆ ఒక్కటీ ఈ బురదలో కలుస్తుంది. అప్పుడు పడవ దిగే పిల్లకు సైన్యం ఉండదు, సిగ్గుతో చచ్చిన కొందరు ముసలివాళ్ళు మాత్రం ఉంటారు. నాగసానమ్మను తెడ్లు లేని పడవ ఎక్కిస్తారు.

"నేనే దొరా," అన్నాడు.

నాగసానమ్మ దిగ్గున లేచింది. తల అడ్డంగా ఊపింది, గుండెలు బాదుకుంది, తన నోరు చూపించింది. నోరు తెరిచి ఎంత అరిచినా శబ్దం లేదు.

"పాపం, మతి పోయింది ముసలిదానికి," అన్నాడొకడు. "కొడుకులా పెంచుకుంది మరి. గొంతు నులిమాడేమో కూడా, పాపాత్ముడు."

రేవులో ఉదయవల్లి పడవ దిగింది. జాలరిపిల్ల వేషంలో, మోకాళ్ళ దాకా తడిసి, సన్నగా, కాస్త ఎండకు కమిలిన ముఖంతో ఉంది. ముసలి సైనికులు ఆ తడి పాదాల మీద పడి ఏడ్చారు. ఏడుపులు ఆగాక గజాంకుశుడు ద్రోహిని ముందుకు తోసి జరిగింది చెప్పాడు.

"తల్లీ, తీర్పు నీది. నీ తండ్రి స్థానంలో నువ్వు చెప్పే మొదటి మాట ఇదే."

ఆ పిల్ల కేతనుణ్ణి చాలాసేపు చూసింది. "ఎంతమంది పోయారు నీవల్ల?"

"చాలామంది తల్లీ. నా తమ్ముడు కూడా."

"చెప్పుకోవలసింది ఏమైనా ఉందా?"

"లేదమ్మా. అలిసిపోయాను."

"తెడ్లు లేని పడవ," అంది ఉదయవల్లి. గొంతు వణకలేదు. ఈ పిల్ల రాజ్యం చేస్తుంది అనుకున్నాడు కేతనుడు. అతనికి నిజంగానే సంతోషం కలిగింది.

పోటు నిండి, తిరిగి ఆటు మొదలైంది. పడవలో కూర్చోబెట్టారు. "నీ యజమానితో మాట్లాడుకో పో!" అని ఎవడో శంఖాన్ని కూడా ఒళ్ళోకి విసిరాడు. నలుగురూ కలిసి తోశారు. పడవ గిర్రున తిరిగి, ప్రవాహంలో పడి, కాకితిప్ప వైపు సాగింది.

అక్కడ ఉత్తరాన్నుంచి ఓడలు వెనక్కి వస్తున్నాయి. దీపస్తంభం దగ్గర ఎవరూ దొరకలేదని తెలిసిపోయింది కాబోలు, జోరుగా వస్తున్నాయి. ఒళ్ళో శంఖం గరగరలాడింది. "నాగసానీ! పలకవేం? ఎక్కడున్నావే ముసలిదానా?" అని ధూమకేశుడు అరుస్తున్నాడు. ముందున్న ఓడ మీద ఎవరో పడవను చూసి వేలు చూపించారు. ఓడ ముక్కు ఇటు తిరిగింది.

కేతనుడు అటు చూడలేదు. ఒడ్డు వైపే చూస్తున్నాడు. నాగసానమ్మ నడుము లోతు నీళ్ళలోకి వచ్చేసింది. చేతులు ఊపుతోంది, వెనక్కి తిరిగి జనానికి ఏదో సైగ చేస్తోంది, రెండు చేతులూ జోడించి బతిమాలుతోంది. ఉదయవల్లి నీళ్ళలోకి దిగి ఆవిణ్ణి రెండు చేతులా పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చింది. తన కొంగుతోనే ఆవిడ కళ్ళు తుడుస్తోంది.

గాలి అటునుంచి ఇటే వీస్తోంది కాబట్టి ఆ పిల్ల మాట పడవ దాకా వినబడింది.

"ఊరుకో అవ్వా, ఊరుకో. అలాంటివాడి కోసం ఏడవకూడదు."